కాన్పు ఖర్చు, ఆరోగ్య బీమా: సీమంతానికి ముందే చూసుకోవలసిన కాగితాలు

మన సంఘానికి వచ్చే ఇంటి వార్తల్లో పెళ్ళిళ్ళ తరువాత ఎక్కువగా ఉండేవి సీమంతాలు, పురుళ్ళు, బారసాలలే. తిరుమంగళం, కప్పలూరు, మదురై ఇళ్ళ నుంచి ఈ మధ్య అందిన శుభవార్తలతో పాటు ఒక ఫిర్యాదు కూడా వస్తోంది. "అల్లుడుగారికి ఆఫీసులో ఇన్సూరెన్స్ ఉంది, అయినా కాన్పు బిల్లు మేమే కట్టుకున్నాం" అని ఒకరు చెప్పారు. "పదేళ్ళుగా ప్రీమియం కడుతున్నాం, కాన్పుకు వర్తించదన్నారు" అని ఇంకొకరు. తల్లీబిడ్డా క్షేమమే కాబట్టి బారసాల నాటికి ఆ బాధను మరచిపోతారు. రెండో కాన్పుకు అదే బాధ మళ్ళీ వస్తుంది. అందుకే అడిగినవారికి విడివిడిగా చెబుతూ వచ్చిన సంగతులను ఇక్కడ ఒకచోట రాస్తున్నాం.

మొదటి సంగతి. ఆరోగ్య బీమా ఉన్నంత మాత్రాన కాన్పుకు బీమా ఉన్నట్టు కాదు. మన దేశంలో వ్యక్తులు, కుటుంబాలు సొంతంగా కొనుక్కునే పాలసీల్లో ఎక్కువభాగం కాన్పును ముందే తీసి పక్కన పెడతాయి. బీమా నియంత్రణ సంస్థ అయిన ఐఆర్‌డీఏఐ 2019లో ఈ మినహాయింపులన్నింటికీ ఒకే మాదిరి వాక్యాలు, ఒకే మాదిరి నంబర్లు పెట్టింది. అందులో 18వ నంబరు మినహాయింపు కాన్పుది. మామూలు కాన్పు, కష్టమైన కాన్పు, సిజేరియన్, గర్భస్రావం అన్నీ దీని కిందికే వస్తాయి. దాని ముందున్న 17వ నంబరు సంతానం కోసం చేయించుకునే చికిత్సలది. పాలసీ పుస్తకం పూర్తిగా చదివే ఓపిక లేకపోయినా, మినహాయింపుల పేజీలో ఈ రెండు నంబర్లు ఉన్నాయో లేదో చూస్తే సగం విషయం తేలిపోతుంది.

ఆ 18వ నంబరులోనే మన ఇళ్ళకు పనికివచ్చే రెండు సడలింపులు ఉన్నాయి. గర్భసంచిలో కాకుండా ట్యూబులో గర్భం నిలిస్తే, అంటే ఎక్టోపిక్ అని డాక్టర్లు రాస్తే, దానికి ఈ మినహాయింపు వర్తించదు. అది కాన్పు కాదు, ప్రాణాపాయం. ప్రమాదం వల్ల గర్భస్రావం అయినా మినహాయింపు వర్తించదు. "గర్భానికి సంబంధించింది కదా" అని కౌంటరులో నోటిమాటగా కాదంటే వెనక్కి రాకండి. ఏ నంబరు కింద తిరస్కరిస్తున్నారో రాసి ఇమ్మని అడగండి.

కంపెనీలు ఇలా ఎందుకు చేస్తాయని మనవాళ్ళు కోపంగా అడుగుతారు. వాళ్ళ లెక్క ఇది: బీమా అనేది అనుకోకుండా వచ్చే ఖర్చుకు. కాన్పు అనుకుని చేసుకునేది, కాబట్టి పిల్లలు కావాలనుకున్నవాళ్ళే ఆ పాలసీ కొంటారు, కొన్నవాళ్ళందరూ క్లెయిము చేస్తారు. లెక్కగా చూస్తే తప్పు పట్టలేం. కానీ కాన్పు అనుకున్నదే అయినా ఆపరేషన్ అనుకున్నది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాట నూటికి దాదాపు 45 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 64 దాకా ఉంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 36. మనవాళ్ళు సంబంధాలు కలుపుకునే తెలంగాణలో మొత్తం మీద 60 దాటింది, అక్కడి ప్రైవేటు ఆసుపత్రుల్లో 80కి పైనే. దేశం సగటు 21.5 మాత్రమే. కాన్పు ఖర్చు వేసుకునేటప్పుడు ఆపరేషన్ ఖర్చే వేసుకోవాలని మేము చెప్పేది అందుకే.

కాన్పుకు వర్తించే పాలసీలు లేకపోలేదు. వాటిలో చూడవలసింది నిరీక్షణ కాలం, అదే వెయిటింగ్ పీరియడ్. పాలసీని బట్టి అది 9 నెలల నుంచి 4 ఏళ్ళ దాకా ఉంటుంది. తై నెలలో పెళ్ళి చేసి, ఆ నెలలోనే 24 నెలల నిరీక్షణ ఉన్న పాలసీ కొన్నామనుకుందాం. మరుసటి పంగుని నెలలో బిడ్డ పుడితే ఒక్క రూపాయి రాదు. కొన్ని పాలసీల్లో భార్యాభర్తలిద్దరూ ఒకే పాలసీలో ఉండి ఆ కాలం పూర్తి చేయాలన్న నిబంధన కూడా ఉంది. కాబట్టి గర్భం నిలిచాక పాలసీ కొనడం ఆ కాన్పుకు పనికిరాదు. ఏజెంటు ఏమి చెప్పినా, చేతికి పాలసీ వచ్చాక 30 రోజుల్లో దాన్ని తిప్పి పంపే హక్కు ఉంది. పాలసీతో పాటు ఇచ్చే వినియోగదారు సమాచార పత్రం రెండు మూడు పేజీలే ఉంటుంది. ఆ 30 రోజుల్లో దాన్నయినా చదవండి.

పుట్టింటి పురుడు, అత్తింటి పాలసీ

మన ఇళ్ళలో ఎక్కువమంది పిల్లలకు కాన్పు బీమా దొరికేది ఉద్యోగం ద్వారానే. ఇలాంటి గ్రూప్ పాలసీల్లో చాలావాటిలో నిరీక్షణ ఉండదు, చేరిన రోజు నుంచే కాన్పు వర్తిస్తుంది. అది నిజంగా మేలు. అయితే మొత్తం పాలసీ 5 లక్షలదైనా కాన్పుకు విడిగా ఒక హద్దు పెడతారు. ఆ హద్దు 50,000 అనుకుందాం, సిజేరియన్ బిల్లు 95,000 అయితే 45,000 మన చేతి డబ్బే. పుట్టిన బిడ్డను ఇంక్యుబేటరులో పెట్టవలసివస్తే, ఆ ఖర్చును కొన్ని పాలసీలు తల్లి కాన్పు హద్దులోనే కలిపేస్తాయి, కొన్ని బిడ్డకు విడిగా ఇస్తాయి. ఈ ఒక్క తేడా లక్షల్లో ఉంటుంది. అల్లుడుగారు ఆఫీసు హెచ్‌ఆర్ వాళ్ళను అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

గది అద్దె దగ్గర ఇంకొక చిక్కు ఉంది. పాలసీలో రోజుకు 3,000 గది అని ఉన్నప్పుడు, చుట్టాలు వస్తారు కదా అని 6,000 గది తీసుకుంటే పోయేది ఆ పై 3,000 ఒక్కటే కాదు. డాక్టరు ఫీజు, థియేటరు, నర్సింగు ఖర్చులను కూడా అదే నిష్పత్తిలో, అంటే సగానికి కోస్తారు. అవి 60,000 అయితే 30,000 లెక్కలోకి వస్తుంది. మందులు, పరీక్షలను ఇలా కోయకూడదు. కోశారేమో బిల్లులో చూడండి.

అసలు చిక్కు మన ఆచారంలో ఉంది. మొదటి పురుడు పుట్టింట్లోనే. కోయంబత్తూరులోనో, బెంగళూరులోనో, హైదరాబాదులోనో కాపురం ఉన్న అమ్మాయి ఏడో నెల సీమంతం, గాజుల వేడుక అయ్యాక తిరుమంగళం వస్తుంది. పాలసీ అల్లుడిది, దాని జాబితాలో ఉన్న ఆసుపత్రులు ఆయన ఉన్న ఊళ్ళో. మనం చూపించే డాక్టరమ్మ ఆసుపత్రి ఆ జాబితాలో ఉండకపోవచ్చు. మదురైలో ఉన్నవి కొన్ని దొరుకుతాయి. కానీ నొప్పులు మొదలయ్యాక 20 కిలోమీటర్లు పోయి జాబితా వెతుక్కునే సమయం ఉండదు. ఆచారం మానమని మేము చెప్పడం లేదు. తల్లి దగ్గర ఉండే నిబ్బరం ఏ పాలసీలోనూ రాదు. ఏడో నెలలో అమ్మాయి పెట్టెలో పట్టుచీరతో పాటు పాలసీ నంబరు, ఈ-కార్డు, జాబితా ప్రతి కూడా పెట్టించండి, అంతే.

జాబితాలో లేని ఆసుపత్రి అయినా ఒక దారి ఉంది. 2024 జనవరి నుంచి సాధారణ బీమా కంపెనీల మండలి "క్యాష్‌లెస్ ఎవ్రీవేర్" అనే ఏర్పాటు తెచ్చింది. ముందే తేదీ అనుకున్న చేరికైతే 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల లోపు కంపెనీకి తెలియజేయాలి. క్లెయిము పాలసీ ప్రకారం చెల్లేదై ఉండాలి, ఆసుపత్రి కూడా ఒప్పుకోవాలి. ఆ రెండో షరతు దగ్గరే చాలాచోట్ల పని ఆగుతోంది. చిన్న నర్సింగు హోముల్లో ఈ పని చూసే మనిషే ఉండడు. సిజేరియన్ తేదీ ముందే ఇచ్చినవారు మాత్రం ప్రయత్నించి చూడవచ్చు.

జాబితాలోని ఆసుపత్రుల్లో డిశ్చార్జి రోజు జరిగే ఆలస్యం గురించి మాకు వచ్చినన్ని ఫోన్లు మరి దేనికీ రాలేదు. పొద్దున పంపిస్తామన్న బాలింతను, పసిబిడ్డను "అప్రూవల్ రాలేదు" అని రాత్రి దాకా కూర్చోబెట్టిన సంగతి ఒక ఇంటివారు చెప్పుకుని బాధపడ్డారు. దీనికి నిబంధన ఉంది. ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఆసుపత్రి అడిగిన ఒక గంటలో క్యాష్‌లెస్ అనుమతిపై నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి బిల్లు పంపిన 3 గంటల్లో తుది అనుమతి ఇవ్వాలి. ఆ 3 గంటలు దాటినందువల్ల ఆసుపత్రి అదనంగా ఏమైనా వేస్తే కంపెనీయే భరించాలి. ఆసుపత్రివాళ్ళు బిల్లు ఎన్ని గంటలకు పంపారో కాగితం మీద రాయించుకోండి. ఆలస్యం ఎవరిదో ఆ గంట చెబుతుంది.

ఇంటిపేరు, ఇనీషియల్

ఇది తమిళనాట ఉన్న మన తెలుగు ఇళ్ళకే ప్రత్యేకమైన తలనొప్పి. ఇక్కడ మనకు ఇంటిపేరు నోటిలోనే ఉంటుంది, కాగితాల మీద ఉండదు. తండ్రి పేరులో మొదటి అక్షరం ఇనీషియల్‌గా ఉంటుంది. పెళ్ళయ్యాక కొందరు ఆధార్‌లో భర్త ఇనీషియల్‌కు మార్చుకుంటారు, బ్యాంకు ఖాతాలో పాతదే ఉంచుతారు. ఆంధ్ర నుంచి కోడలు వస్తే ఆమె ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. అల్లుడుగారి ఆఫీసువాళ్ళు పేరు మాత్రమే ఎక్కిస్తారు. ఆసుపత్రి రికార్డులో నర్సు నోటితో చెప్పిన పేరు రాస్తుంది. ఒకే మనిషికి నాలుగు పేర్లు తయారవుతాయి. క్లెయిము పరిశీలించేవాడికి ఆమె మన అమ్మాయేనని ఎలా తెలుస్తుంది? గుమాస్తా ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు ఇలాంటి ఫైళ్ళు చూశాం. డబ్బు లేక ఆగిన ఫైళ్ళ కన్నా పేరు కలవక ఆగినవే ఎక్కువ. ఆధార్, బ్యాంకు, పాలసీ ఈ మూడింటిలో పేరు ఒకేలా ఉండేట్టు ఐదో నెలలోపే సరిచేయించుకోవాలి. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు నోటితో చెప్పకుండా ఆధార్ ప్రతి ఇవ్వాలి.

రేషను కార్డుది వేరే కథ. అమ్మాయి పేరు తండ్రి కార్డులో తీయించి భర్త కార్డులో ఎక్కించకుండా ఏళ్ళు గడుపుతారు. ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం ఆ కార్డు మీదే నడుస్తుంది. ఏడాదికి 1,20,000 లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు ఇది వర్తిస్తుంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స. ఆదాయ ధ్రువపత్రం, రేషను కార్డు, ఆధార్ పట్టుకుని కలెక్టరు ఆఫీసులోని ఆ పథకం కౌంటరుకు వెళితే నమోదు చేస్తారు. సందేహాలకు 1800 425 3993. మామూలు కాన్పు ఖర్చు దీని కింద రాదు. నెలలు నిండని బిడ్డకు, జబ్బుపడ్డ పసిగుడ్డుకు అవసరమయ్యే చికిత్సలు మాత్రం దీనిలో ఉన్నాయి. ఇంక్యుబేటరు బిల్లు ఎంత వస్తుందో చూసినవారికి దాని విలువ తెలుసు.

ప్రభుత్వ ఆసుపత్రి దారి

ఈ మాట చెబితే కొందరు పెద్దలకు నచ్చదని తెలుసు. "వియ్యంకులు ఏమనుకుంటారు" అంటారు. ఏమీ అనుకోనవసరం లేదు. తిరుమంగళంలోనే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, కష్టమైన కాన్పులకు మదురై రాజాజీ ఆసుపత్రి ఉంది. చుట్టుపక్కల ప్రైవేటువాళ్ళు చేయి దాటినప్పుడు పంపేది అక్కడికే. 2011లో కేంద్రం తెచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రాకపోకల వాహనం అన్నీ ఉచితం. రశీదు లేకుండా ఎవరైనా చేయి చాపితే అది నిబంధన కాదు, ఫిర్యాదు చేయవచ్చు.

డబ్బు సాయం కూడా ఉంది. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి ప్రసూతి సహాయ పథకం తమిళనాట 1987 నుంచి నడుస్తోంది. సాయం 2006లో 6,000, 2011లో 12,000, 2018లో 18,000 అయింది. ఇందులో 14,000 నగదుగా విడతలవారీగా ఖాతాలో పడుతుంది. మిగిలిన దానికి 2,000 చొప్పున రెండు పోషకాహార పెట్టెలు ఇస్తారు. 19 ఏళ్ళు నిండినవారికి, మొదటి రెండు కాన్పులకు, ప్రభుత్వ ఆసుపత్రిలో పురుడు పోసుకుంటే ఇది వర్తిస్తుంది. పేరు చూసి కొందరు ఇది ఏదో కులానికి సంబంధించినదనుకున్నారట! ముత్తులక్ష్మి 1886లో పుదుక్కోట్టలో పుట్టిన డాక్టరు, అడయారు క్యాన్సర్ ఆసుపత్రి స్థాపించిన మనిషి. రెడ్డి ఆమె భర్త సుందర రెడ్డి గారి పేరు నుంచి వచ్చింది. పథకం అర్హులందరికీ.

వీటన్నిటికీ తలుపు పిక్మీ నంబరు. గర్భం తెలిసిన వెంటనే, 12 వారాల లోపు, గ్రామ ఆరోగ్య నర్సు దగ్గర నమోదు చేయించుకుంటే ఇస్తారు. 102కు ఫోను చేసి కూడా నమోదు చేయించవచ్చు. ప్రైవేటులో కాన్పు చేయించుకునేవారికి కూడా ఇది కావాలి, ఎందుకంటే తమిళనాట బిడ్డ జనన నమోదుకు ఆ నంబరు అడుగుతారు. బెంగళూరు, హైదరాబాదు నుంచి ఏడో నెలలో వచ్చే అమ్మాయిల దగ్గర ఇది ఉండదు. ఊరికి వచ్చిన వారంలోనే అక్కడి తల్లీబిడ్డల కార్డు చూపించి ఇక్కడి నర్సు దగ్గర ఎక్కించండి. ప్రసవ లేహ్యం కలిపించే హడావుడిలో ఈ పని వెనకబడుతుంది. తెలంగాణలో 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రి కాన్పులకు మగబిడ్డయితే 12,000, ఆడబిడ్డయితే 13,000, పైన ఒక కిట్టు ఇస్తూ వచ్చారు. కానీ అది అక్కడ పురుడు పోసుకున్నవారికి. ఇక్కడ పోసుకుని అక్కడ అడగలేం.

ఉద్యోగం చేసే అమ్మాయిలకు

కప్పలూరు పారిశ్రామికవాడలోనూ, కోయంబత్తూరు మిల్లుల్లోనూ పనిచేసే మన పిల్లలు నెలకు 21,000 లోపు జీతం ఉంటే ఈఎస్‌ఐ కిందికి వస్తారు. జీతంలో 0.75 శాతం వాళ్ళది, 3.25 శాతం యాజమాన్యానిది. ముందున్న రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజుల చందా ఉంటే చాలు, కాన్పుకు 26 వారాలు పూర్తి సగటు జీతం వస్తుంది. గర్భస్రావమైతే 6 వారాలు. గర్భం వల్ల జబ్బు చేస్తే ఇంకొక నెల. అబ్బాయి ఈఎస్‌ఐలో ఉంటే భార్యకు ఈఎస్‌ఐ ఆసుపత్రిలో వైద్యం దొరుకుతుంది. ఈఎస్‌ఐ వసతి లేని చోట కాన్పయితే 7,500 ఖర్చు ఇస్తారు, రెండు కాన్పుల దాకా. ఈ 7,500 గురించి అడిగేవారే కనబడరు.

అంతకన్నా ఎక్కువ జీతం ఉన్నవారికి 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించినప్పటి నుంచి 26 వారాల జీతంతో సెలవు. అంతకుముందు 12 వారాలే. ఇద్దరు పిల్లలున్నవారికి ఇప్పటికీ 12. కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉండాలి. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవే లెక్కలు ఉంచారు. తమిళనాడు ప్రభుత్వోద్యోగులకు 2021 జూలై నుంచి 12 నెలలు.

ఉద్యోగం మారే విషయంలో ఒక జాగ్రత్త. గ్రూప్ పాలసీ ఉద్యోగంతోనే పోతుంది. ఎనిమిదో నెలలో అల్లుడుగారు మంచి జీతం వచ్చిందని కంపెనీ మారితే, పాత పాలసీ చివరి పనిరోజుతో ఆగుతుంది. కొత్త కంపెనీలో చేరిన రోజునే భార్య పేరు ఎక్కించారా, కాన్పుకు వర్తిస్తుందా అన్నది రాతపూర్వకంగా తెలుసుకున్నాకే పాతదానికి రాజీనామా ఇవ్వాలి. ఆ రెండింటి మధ్య పది రోజుల ఖాళీలో బిడ్డ పుట్టిన ఇల్లు మాకు తెలుసు.

బిడ్డ పుట్టాక, కాదన్నప్పుడు

జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయిస్తే రుసుము లేదు. పేరు అప్పుడే చెప్పనవసరం లేదు, ఏడాది లోపు ఉచితంగా చేర్చవచ్చు. తెలుగు పేరును తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఎలా రాయాలో ఇంట్లోనే కాగితం మీద రాసి తీసుకువెళ్ళండి, గుమాస్తాకు వదలకండి. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు బడి నుంచి పాస్‌పోర్టు దాకా ఆ పత్రమే ఆధారం. గ్రూప్ పాలసీలో బిడ్డ పేరు చేర్చడానికి సాధారణంగా కొద్ది రోజుల గడువే ఇస్తారు, అది దాటితే మళ్ళీ రెన్యువల్ దాకా ఆగాలి. సొంత పాలసీల్లో చాలావరకు 90 రోజులు నిండాకే చేర్చుకుంటారు.

డబ్బు కట్టి తరువాత క్లెయిము చేసేవారు డిశ్చార్జి సమ్మరీ, వివరాలతో కూడిన తుది బిల్లు, నంబరున్న రశీదులు, మందుల చీటీలు, స్కాన్ రిపోర్టులు అసలు ప్రతులు ఇస్తారు. ఇచ్చే ముందు అన్నీ జిరాక్సు తీసుకుని, అందినట్టు ముద్ర వేయించుకోండి.

తిరస్కరిస్తే మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. ఐఆర్‌డీఏఐ నంబరు 155255కు కూడా ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ నుంచి నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాది లోపు చెన్నైలోని బీమా అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టవచ్చు. తమిళనాడు ఆ కార్యాలయం కిందే ఉంది. 50 లక్షల దాకా తగాదాలు వింటారు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. తెల్లకాగితం మీద పాలసీ నంబరు, తిరస్కరించిన తేదీ, వాళ్ళు చెప్పిన కారణం, మనకు రావలసిన మొత్తం రాసి, తిరస్కరణ ఉత్తరం ప్రతి జతచేసి, పాలసీదారు సంతకం పెట్టాలి. పాలసీ అల్లుడిదైతే సంతకం అల్లుడిదే, మామగారిది చెల్లదు. రాయడం చేతకానివారు కాగితాలు పట్టుకుని సంఘానికి వస్తే కూర్చుని రాసిపెడతాం.